బెజవాడ సోయా బర్గరూ, మా పిన్ని మొక్కూ

ఈ ప్రయాణం నా అతితెలివి వల్ల మొదలైంది, ఆ సంగతి ముందే ఒప్పేసుకుంటున్నాను. నేను బెజవాడలో ఒక ప్రైవేటు స్కూల్లో లెక్కలు చెబుతాను. పోయిన డిసెంబరులో గవర్నర్‌పేటలో ఒక మేడ మీద కొత్త ఫాస్ట్‌ఫుడ్ షాపు తెరిచారు. అక్కడ సోయాతో చేసే బర్గర్ అచ్చం కోడిమాంసంలా ఉంటుందని మా స్టాఫ్‌రూములో ఒకటే గోల. పుట్టి బుద్ధెరిగి నీసు ముట్టని మా సైన్సు టీచరుగారు కూడా తినొచ్చి, మాంసం ఇలాగే ఉంటుందా అని నన్నే అడిగారు. సంగతేమిటో తేల్చుకుందామని ఒక సాయంత్రం వెళ్ళి తిన్నాను. మతిపోయింది. మా నాన్న వల వదిలేసి బడిపంతులైన మాట నిజమే గానీ, మాది బందరు తీరంలో తరతరాలుగా చేపల మీద బతికిన కుటుంబం. గిన్నె మూత తీయకముందే లోపల ఏ చేపో చెప్పగల ఇంట్లో పుట్టాను. అలాంటి నన్ను కూడా ఆ సోయా ముక్క బోల్తా కొట్టించింది. సగం తిన్నాక అనుమానమొచ్చి, బన్ను విప్పి లోపల ఏముందో కెలికి మరీ చూశాను. అప్పుడే మా పిన్ని గుర్తొచ్చింది.

పిన్ని అంటే మా నాన్న తమ్ముడి భార్య. బాబాయి మరబోటు మీద సరంగు, అంటే బోటు నడిపించే పెద్ద ఆయనే. తొమ్మిదేళ్ళ కిందట తుఫానులో ఆ బోటు మూడు రోజులు జాడ లేకుండా పోయింది. మూడో రోజు పిన్ని ఒడ్డున నిలబడి, మనిషి తిరిగొస్తే బతికినంతకాలం నీసు నాలుక మీద పెట్టనని గంగమ్మకి మొక్కుకుంది. ఆ సాయంత్రమే బోటు వచ్చింది. అప్పటినుంచి ఆవిడ చేపలు అమ్ముతుంది, ఎండబెడుతుంది, ఇంటిల్లిపాదికీ పులుసు పెడుతుంది, తను మాత్రం పచ్చడి మెతుకులూ మజ్జిగా తిని లేస్తుంది. జాతరకి వాడంతా కోళ్ళు కోసుకుంటుంటే ఈవిడ పప్పన్నం కలుపుకుంటుంది. అంతకుముందు ఎలాంటి మనిషనుకున్నారు? కోడికూర వండిన రోజు మెడముక్క కోసం పిల్లలతో సమానంగా పోట్లాడేది. మొక్కు తప్పితే సముద్రం బాబాయిని మళ్ళీ అడుగుతుందని ఆవిడ గట్టి నమ్మకం. అందుకని, మొక్కు చెడకుండా రుచి ఒక్కటీ తెచ్చిపెడదామని నేనో గొప్ప ప్లాను వేశాను.

ఫిబ్రవరిలో ఒక శనివారం కుదిరింది, ముందురోజు రాత్రే బందరు వెళ్ళి పిన్ని ఇంట్లో దిగాను. పిన్నికి కొత్త కళ్ళజోడు చేయించాల్సి ఉంది, కళ్ళ డాక్టర్లూ అద్దాల షాపులూ ఎలాగూ గవర్నర్‌పేటలోనే. బాబాయి శుక్రవారం తెల్లారగట్ల వేటకెళ్ళాడు, శనివారం సాయంత్రానికి తిరిగి రావాలి. బర్గర్ సంగతి చెప్పగానే పిన్ని తేలిగ్గా ఒప్పుకోలేదు. నీసు కాదు కదా అని మూడుసార్లు అడిగింది. సోయా అంటే మీల్ మేకరే, గింజల పిండి అని చెప్పాను. "నీసు తగిలినదీ కాదు కదా?" అని నాలుగోసారి అడిగి, తన చేతిలో నా చెయ్యి వేయించుకుంది. కాదని ఒట్టు వేశాను. నాకేం తెలుసని వేశానో ఇప్పుడు తలుచుకుంటే ఒళ్ళు మండుతుంది.

బందరు బస్టాండులో ఎనిమిదిన్నర ఎక్స్‌ప్రెస్ ఎక్కాం. టికెట్టు ముప్పై రెండు రూపాయలు, మామూలు రోజుల్లో రెండు గంటల ప్రయాణం. కుడివైపు కిటికీ ఎంచుకుంటే పొద్దుటి ఎండ మొహాన కొడుతుంది, ఎడమవైపు కూర్చోండి అని చెప్పేంత జ్ఞానం నాకు లేదు, ఎందుకంటే రోడ్డు ఎన్ని వంకర్లు తిరుగుతుందో అన్ని వైపులా ఎండ తగిలింది. పామర్రులో బస్సు పది నిమిషాలు ఆగింది, టీ తాగాం. ఉయ్యూరు దగ్గర చెరుకు లారీలు, ట్రాక్టర్లు ఫ్యాక్టరీ గేటు నుంచి రోడ్డు మీదకి బారులు తీరి ఉన్నాయి. చెరుకు ఆడే ఈ నెలల్లో వెళ్ళేవాళ్ళు అరగంట ఎక్కువ వేసుకోండి. బెల్లప్పాకం మాడినట్టుండే ఆ వాసనకి పిన్ని ముక్కు మూసుకుంది. ఎండుచేపల మధ్య పగలంతా కూర్చునే మనిషికి చక్కెర వాసన పడలేదని బస్సులో అందరికీ వినపడేలా ఎగతాళి చేశాను. పిన్ని నవ్వింది. ఆ రోజు మళ్ళీ నవ్వలేదు.

పదకొండుకి బెజవాడ బస్టాండులో దిగి, ఇరవై రూపాయలకి ఆటో మాట్లాడుకుని గవర్నర్‌పేట చేరాం. సామాను లేకపోతే నడిచే వెళ్ళొచ్చు, పావుగంట పడుతుంది. కళ్ళు చూపించుకుని, కళ్ళజోడుకి అడ్వాన్సు కట్టి, చీటీ తీసుకునేసరికి ఒంటిగంట దాటింది. ఫాస్ట్‌ఫుడ్ షాపు మెట్లెక్కి లోపలికెళ్ళగానే పిన్ని చెప్పులు బయట విప్పాలా అని అడిగింది. ఏసీ, పసుపుపచ్చ కుర్చీలు, గోడ మీద కూరగాయల బొమ్మలు. కౌంటరు దగ్గర టోకెను తీసుకోవాలి. సోయా బర్గర్ నలభై అయిదు, చికెన్ బర్గర్ అరవై. రెండూ సోయావే తీసుకున్నాను. పది నిమిషాల్లో ప్లేట్లు వచ్చాయి.

పిన్ని బర్గర్‌ని రెండు చేతులతో పట్టుకుని అటూ ఇటూ తిప్పి చూసి, ఒక అంచు కొరికింది. నమిలింది. నేను గెలిచినట్టు ఆవిడ మొహమే చూస్తున్నాను. రెండోసారి కొరికింది. ఆ తర్వాత చటుక్కున ఆగిపోయి, చెంగు నోటికి అడ్డం పెట్టుకుని, నోట్లోది టిష్యూ కాగితంలోకి ఉమ్మేసింది.

"ఇది కోడే," అంది.

నవ్వొచ్చింది నాకు. అదే కదా దీని గొప్పతనం అన్నాను. పిన్ని నవ్వలేదు. మీల్ మేకర్ తనకి తెలియని వస్తువేం కాదని, పెళ్ళిళ్ళలో కుర్మాలో వేస్తారని, అది కూరలో నానిన స్పాంజిలా ఉంటుందే తప్ప ఇలా ఉండదని అంది. తొమ్మిదేళ్ళు కాదు, తొంభై ఏళ్ళయినా కోడిని మర్చిపోతానా అంది. అప్పటికి కూడా నాకు సిగ్గు రాలేదు. రుజువు చేసి చూపిస్తానని కౌంటరు దగ్గరికి వెళ్ళాను. మేనేజరు కుర్రాడు మెనూ మీద ఆకుపచ్చ చుక్క చూపించి, ప్యూర్ వెజ్ మేడమ్ అన్నాడు. మా పిన్ని లేచి వచ్చి, వండిన మనిషిని పిలవమంది. చేపల వేలంపాటలో వ్యాపారులతో మాట్లాడే గొంతు అది. మేనేజరు మారుమాట్లాడకుండా లోపలికి కేకేశాడు.

నలభై అయిదేళ్ళ మనిషి ఏప్రాన్‌తో చేతులు తుడుచుకుంటూ వచ్చాడు. ఊరు మంగళగిరి, ఇంట్లో మగ్గం సాగక ఈ పనికొచ్చానని, రోజూ బస్సులో వచ్చిపోతానని మాటల్లో చెప్పాడు. ఓపిగ్గా సోయా పొట్లం తెచ్చి చూపించాడు. వేయించని టిక్కీ ఒకటి తెచ్చి విరిచి పిన్ని చేతిలో పెట్టాడు. నానబెట్టిన సోయా రవ్వ, ఉడికించిన బంగాళాదుంప, శనగపిండి, అల్లంవెల్లుల్లి, అంతే. పిన్ని వాసన చూసింది. మళ్ళీ చూసింది. మొహంలో కాస్త రక్తం తిరిగింది. నేను చెప్పానా అన్నట్టు పిన్ని వైపు చూశాను. అంతటితో అయిపోయేదే.

"నూనె ఏదయ్యా?" అని అడిగింది పిన్ని.

మేనేజరు ఏదో అనబోతుంటే వంటాయన చేత్తో వద్దన్నాడు.

"నూనె ఒకటేనండి," అన్నాడు. "పొద్దున్నించీ చికెనూ అందులోనే, ఇదీ అందులోనే. రెండు నూనెలు పెట్టమని నాకెవరూ చెప్పలేదండి. ఇన్నాళ్ళూ అడిగినవాళ్ళు కూడా లేరండి."

ఊరంతా చెప్పుకుంటున్న ఆ వింత రుచి సోయాది కాదు, నూనెది. పొద్దున్నించీ కోడి వేగిన నూనెలో దేన్ని ముంచినా కోడిలాగే ఉంటుంది, ఇందులో కనిపెట్టిందేమీ లేదు. చేపల ఇంటి పిల్లనని చంకలు గుద్దుకున్న నాకు ఆ మాత్రం తెలియలేదు. పైగా ఒట్టు. పైగా మా సైన్సు టీచరుగారు. ఒక్క నిమిషంలో ఇన్ని తప్పులు నా నెత్తిన వచ్చి పడతాయని అనుకోలేదు. వంటాయన డబ్బు వెనక్కి ఇప్పిస్తానని చేతులు జోడించాడు. పిన్ని వద్దంది. నిజం చెప్పావు, అంతే చాలని ఆయనతో అని మెట్లు దిగింది. దిగుతూనే నన్ను అడిగిన మొదటి మాట, బాబాయి ఇప్పుడు ఎక్కడుంటాడు అని.

రెండుంబావు బస్సు దొరికింది. బాబాయి సెల్లుకి కొడితే కవరేజ్‌లో లేరని ఆడగొంతు చెప్పింది. నడి సముద్రంలో సిగ్నలెక్కడిది, పిన్నికీ తెలుసు. అయినా కంకిపాడులో ఒకసారి, ఉయ్యూరులో ఒకసారి, పామర్రులో ఒకసారి కొట్టించింది. మాంసం తినలేదు కదా, నూనె కదా, గంగమ్మ నూనె చుక్కలకి కూడా లెక్క చూస్తుందా అని ఏదో సర్ది చెప్పబోయాను.

"తగిలినదీ కాదు కదా అని నిన్ను అడిగానా లేదా?" అంది పిన్ని. అంతే, మళ్ళీ కిటికీ వైపు తిరిగింది.

ఏడుపొచ్చింది నాకు. నేను ఇలాంటివి నమ్మను, క్లాసులో పిల్లలకి కూడా నమ్మొద్దనే చెబుతాను. కానీ ఆ బస్సులో గుడివాడ రోడ్డు దాటేసరికి, బాబాయికి ఏమైనా అయితే నా వల్లే అని లోపల ఖాయం చేసేసుకున్నాను. చదువు ఎంత పల్చగా పూసుకున్నానో ఆ రెండు గంటల్లో నాకు తెలిసింది.

అయిదు దాటాక గిలకలదిండి హార్బరుకి చేరాం. బందరు బస్టాండు నుంచి ఆటోకి అరవై అడిగాడు, బేరం చేసే ఓపిక లేక ఇచ్చేశాను, మీరు నలభైకి మాట్లాడుకోవచ్చు. నాలుగు బోట్లు వచ్చి సరుకు దింపుతున్నాయి. బాబాయిది లేదు. వచ్చిన బోట్ల వాళ్ళని అడిగితే మధ్యాహ్నం దక్షిణం వైపు వల వేసి ఉండగా చూశామని, తర్వాత తెలియదని అన్నారు. పిన్ని కూర్చోలేదు, మంచినీళ్ళు తాగలేదు. ఎండ దిగిపోయింది. ఐసు కొట్టే మిషన్ మోత ఆగి మళ్ళీ మొదలైంది. ఆరున్నరకి, మసక వెలుతురులో, కాలవ మలుపు దగ్గర బాబాయి బోటు కనపడింది. నేను పిన్ని చెయ్యి పట్టుకున్నాను.

ఆలస్యానికి కారణం వింటే మీరు నమ్మరు. ఆ నెలంతా పడనంత రొయ్య ఆ ఒక్క మధ్యాహ్నం పడిందట, వదల్లేక మరో రెండుసార్లు వల వేశారట. కూలీలు పెట్టెలు దింపుతుంటే బాబాయి నవ్వుతూ ఒడ్డుకి దిగాడు. మమ్మల్ని చూసి ఆశ్చర్యపోయాడు. పిన్ని ఆయన్ని ఐసు పెట్టెల వెనక్కి తీసుకెళ్ళింది, నేనూ వెనకే వెళ్ళాను.

"మొక్కు తప్పాను," అంది. "ఈ పిల్ల తప్పేం లేదయ్యా. మొదటి కొరుకుకే నాకు తెలిసిపోయింది. తెలిసే మింగాను. రెండో ముద్ద కూడా నోట్లో పెట్టుకున్నాకే భయమేసి ఉమ్మాను."

షాపులో ఎదురుగా కూర్చుని కూడా నేను ఉమ్మడమే చూశాను, మింగడం చూడలేదు. ఈవిడ దారంతా మోసుకొచ్చింది నూనె మరక కాదు, ఆ మొదటి ముద్ద.

బాబాయి మొహంలో నవ్వు పోయింది. "ఎన్నింటికి?" అని అడిగాడు.

"ఒకటిన్నర అయుంటుంది."

ఆయన ఒక పెట్టె మీద కూర్చుండిపోయాడు. వేళ్ళ మీద ఏదో లెక్క చూసుకున్నాడు. "ఆ టైముకి మేం అన్నాలు తింటన్నాం," అన్నాడు. "సముద్రం పళ్ళెంలో నీళ్ళలాగుంది. ఆ తర్వాతేనే ఈ రొయ్యంతా పడింది."

ఆయన తల ఎత్తకుండానే మొదలుపెట్టాడు. "తొమ్మిదేళ్ళ నించి నేను పడే భయం నీకు తెలుసా? ఇంజను దగ్గినా, గాలి తిరిగినా, ఇంటికాడ ఇది ఏం తినేసిందో అనుకుంటాను. నా ప్రాణం తీసుకెళ్ళి నీ నాలిక మీద పెట్టావే. అక్కణ్ణించి అదెప్పుడు జారుద్దోనని సూత్తా కూచున్నాను."

"అందుకేనా," అంది పిన్ని నెమ్మదిగా, "వేటకి బయల్దేరిన ప్రతిసారీ ఇయ్యాల ఏం వండుకుంటన్నావని అడుగుతావు?"

బాబాయి అవునన్నట్టు తలూపాడు. ఆ ప్రశ్న మా వాడంతటికీ తెలుసు. పెళ్ళయిన ఇన్నేళ్ళకి కూడా పెళ్ళాం ఏం తింటుందో కనుక్కుని గానీ కదలడని ఆడవాళ్ళంతా మురిసిపోతూ తమ మొగుళ్ళని దెప్పేవాళ్ళు. నా పెళ్ళిచూపుల్లో మా అమ్మ ఆయన్నే ఉదాహరణగా చెప్పింది. అది ప్రేమ కాదని నేననడం లేదు. కానీ అందులో సగం భయమని తొమ్మిదేళ్ళుగా పక్కలో పడుకున్న మనిషికే తెలియలేదు.

పిన్ని ఏడుస్తుందనుకున్నాను. ఏడవలేదు. చెంగు నడుముకి దోపుకుని నీళ్ళ అంచుదాకా నడిచింది. "అమ్మా, తిన్నది నేను. నోరు నాది," అంది గట్టిగానే. "మొక్కు మళ్ళీ మొదట్నించి మొదలెడతాను. ఈసారి తప్పితే నన్నడుగు. ఆయన బోటు జోలికి రాకు. ఒప్పుకుంటేనే మొక్కు, లేకపోతే లేదు." పొద్దున చేపల పాటలో ధర చెప్పి ఎదుటివాడి జవాబు కోసం ఆగినట్టే ఆగింది. రెండు మూడు అలలు వచ్చి పోయాయి. తిరిగొచ్చి, ఒప్పుకుందని మాకు చెప్పింది. నవ్వాలో దండం పెట్టాలో నాకు తెలియలేదు.

ఈ బర్గర్ తినాలని బెజవాడ వెళ్ళేవాళ్ళకి నేను చెప్పేది ఒక్కటే. టోకెను తీసుకునే ముందు మెనూ మీద చుక్క చూసి ఊరుకోకండి, వేయించే నూనె వేరేనా అని వంట చేసే మనిషినే అడగండి. ఆ షాపులో ఇప్పుడు రెండో ఫ్రయ్యర్ పెట్టారు, తరువాతి వారం కళ్ళజోడు తేవడానికి వెళ్ళినప్పుడు నా కళ్ళతో చూశాను. వేరే నూనెలో వేగిన సోయా బర్గర్ కూడా తిన్నాను. బాగానే ఉంది, మసాలా గారెలా ఉంది, మాంసంలా మాత్రం లేదు. సైన్సు టీచరుగారికి సోమవారమే ఉన్నదున్నట్టు చెప్పేశాను. రెండు పీరియడ్లు మాట్లాడలేదు. మూడో పీరియడ్‌లో వచ్చి, అయితే మాంసం అలాగే ఉంటుందన్నమాట అన్నారు.

ఒకరి మొక్కు ఎంతమందిని కట్టేస్తుందో నాకు ఈ ప్రయాణంలోనే తెలిసింది. రుచి ఒక్కటీ విడదీసి తెచ్చి పెట్టొచ్చనుకున్నాను. ఆవిడ వదిలింది కోడికూర అయితే కదా విడదీయడానికి. ఆ రాత్రి నేను అక్కడే ఉండిపోయాను; మర్నాడు ఆదివారం తెల్లారగట్ల, రొయ్య పడిన చోటుకే మళ్ళీ వెళ్ళాలని బాబాయి తయారయ్యాడు. క్యారియరు అందుకుని గుమ్మం దాటి, నాలుగడుగులేసి ఆగాడు. ఆ ప్రశ్న వస్తుందని పిన్నీ నేనూ చూస్తున్నాం. ఆయన టార్చి వెలిగించి దారి చూసుకుని, ఏమీ అడక్కుండా వెళ్ళిపోయాడు. ఆ వెలుతురు వీధి చివర మలుపు తిరిగేదాకా పిన్ని గుమ్మంలోనే నిలబడింది. "వంకాయ వండుదామనుకున్నాను," అంది, నాతో కాదు. తర్వాత కళ్ళు తుడుచుకుని, పొయ్యి వెలిగించడానికి లోపలికి వెళ్ళింది.